సైకిలుకీ కొలతలా!

జాకెట్టుకి కొలతలివ్వడం ఆడవాళ్ళమెరిగిన విద్య. దర్జీ టేపు పట్టుకుని భుజమింత, నడుమింత, చెయ్యి పొడుగింత అని అంకెలు చదువుతుంటే పక్కన కుర్రాడు పుస్తకంలో గిలుకుతుంటాడు. అంత కొలిచీ, వారం రోజులు తిప్పించుకుని, తీరా చేతికిచ్చిన జాకెట్టు ఒక పక్క బిగుతు, ఒక పక్క వదులు కావడమూ మనకి కొత్త కాదు. కుట్లు విప్పి మళ్ళీ వేయించుకుంటాం. కాని సైకిలుకి మనిషిని కొలుస్తారనీ, ఆ కొలత వేలెడు తప్పితే మోకాలు మొరాయిస్తుందనీ, అందుకోసం ప్రత్యేకం దుకాణాలున్నాయనీ పదేళ్ళ కిందట ఎవరైనా చెబితే నవ్వి ఊరుకునేదాన్ని. నేనేమిటి, మీరూ నవ్వేవారే.

మా రోజుల్లో సైకిలుకున్న కొలత ఒక్కటే. నేను గుడివాడలో ఇంటర్మీడియెట్ చదివేటప్పుడు నాన్నగారు లేడీస్ సైకిలు కొనిపెట్టారు. షాపతను నన్ను సీటు మీద కూర్చోబెట్టి, "కాళ్ళు రెండూ నేలకి ఆనాయా అమ్మాయిగారూ?" అన్నాడు. ఆనాయన్నాను. నట్టు బిగించేశాడు. నాన్నగారు డబ్బిచ్చేశారు. మగపిల్లలకైతే ఆ మాత్రం మర్యాదా లేదు. గంటకింతని అద్దెకి తెచ్చిన పెద్ద సైకిలు బారు కిందనుంచి కాలు దూర్చి, నడుం వంకర్లు తిప్పుకుంటూ వీధంతా తొక్కేవారు. సైకిలుకి తగ్గట్టు మనిషి సర్దుకునేవాడే కాని, మనిషికి తగ్గట్టు సైకిలు సర్దుకునే రోజులు కావవి.

మా అమ్మాయికి సైకిలు వచ్చిన వైనం కూడా అలాంటిదే. మా బావగారబ్బాయి అమెరికా వెళుతూ తన గేర్ల సైకిలు చెల్లెలికిచ్చి వెళ్ళాడు. అతను ఐదడుగుల పదంగుళాల మనిషి. మాది ఐదూ నాలుగు. అన్నయ్య పుస్తకాలు చెల్లెలికీ, అక్క ఓణీలు చెల్లెలికీ రావడం మనిళ్ళలో ఉన్నదే కదా! ఊరికే వచ్చిన సైకిలుకి సైజేమిటి? దగ్గర్లో ఉన్న షాపువాడు సీటు పూర్తిగా కిందికి దించి, మళ్ళీ అదే మాటన్నాడు: "కాళ్ళు ఆనాయా?"

అది బి.టెక్. రెండో యేడు నుంచీ తెల్లవారుజామున అయిదింటికల్లా స్నేహితురాళ్ళతో ప్రకాశం బ్యారేజి దాటి, కరకట్ట మీదుగా అమరావతి దాకా పోయి రావడం మొదలుపెట్టింది. మా అత్తగారు మొదట్లో, "చీకట్లో ఆడపిల్ల సైకిలెక్కి పోవడమేమిటే?" అని సణిగేవారు. తరువాత్తరువాత మనవరాలు తిరిగొచ్చే వేళకి ఆవిడే వీధి గుమ్మంలో నిలబడి ఉండేవారు, మజ్జిగ గ్లాసుతో. పిల్ల మొహంలో వచ్చే ఆ వెలుగు చూస్తే ఎవరికైనా నోరు పెగలదు.

అలా ఉండగా దానికి బ్రెవే పిచ్చి పట్టుకుంది. బ్రెవే అంటే పందెం కాదు సుమండీ. మొదట వచ్చినవాడికి కప్పూ లేదు, ఆఖరున వచ్చినవాడికి అవమానమూ లేదు. రెండు వందల కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లోగా తొక్కాలి. దారిలో అక్కడక్కడ ఒక కార్డు మీద ముద్ర వేయించుకోవాలి. అంతే. ఆ తరువాత మూడు వందలు, నాలుగు వందలు, ఆరు వందలూ ఉన్నాయిట. వీటన్నిటికీ పెద్దమ్మ లాంటిది పారిస్ నుంచి బ్రెస్ట్ అనే రేవుకి వెళ్ళి తిరిగి రావడం. పన్నెండు వందల కిలోమీటర్ల పైచిలుకు, తొంభై గంటలు. 1891లో మొదలైంది. ఇప్పుడు నాలుగేళ్ళకొకసారి జరుగుతుంది. మన దేశంనుంచి కూడా వెళ్ళి తొక్కి వస్తున్నారు. అమ్మాయి ఇదంతా చెబుతుంటే మావారు పేపరు వెనకనుంచి, "అంత దూరం పోవడానికి రైళ్ళున్నాయి" అన్నారు.

సరిగ్గా అప్పుడే మోకాలు నొప్పి పట్టుకుంది. యాభై కిలోమీటర్లు దాటేసరికి చిప్ప వెనకాల సన్నగా మొదలై, ఇంటికొచ్చాక మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకునేంత అయ్యేది. అరచేతిలో చిటికెనవేలూ దాని పక్కదీ తిమ్మిరెక్కి, అన్నం ముద్ద కలుపుకోవడానికి చెయ్యి విదుల్చుకునేది. ఎముకల డాక్టరుగారికి చూపించాం. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. సైకిలు మానేస్తే తగ్గిపోతుందన్నారు.

అది ఏడవలేదు, ఎదురు చెప్పలేదు. సైకిలు వరండాలో గోడకి చేర్చి పాత దుప్పటి కప్పింది. రెండు నెలలు ఆ దుప్పటి తియ్యలేదు. పొద్దున్న ఏడింటిదాకా పడుకోవడం మొదలెట్టింది. మా అత్తగారే ఓ రోజు, "ఆ దుప్పటి చూస్తే నాకు గుండెల్లో ఏదోగా ఉందమ్మా, తీసెయ్యండి" అన్నారు.

హైదరాబాదులో సైకిలు కొలతలు సరిచేసేవాళ్ళున్నారని దాని స్నేహితురాలు చెప్పింది. ఒక మోస్తరు పట్టుచీర ఖరీదవుతుందిట. మావారు, "సైకిలు ఉచితంగా వచ్చింది, సీటెత్తడానికి అంతా!" అన్నారు. ఆయన మాటలోనూ న్యాయముంది. నేను నా చీటీ పాడి, డబ్బు చేతిలో పెట్టుకుని, 2024 ఆగస్టులో తల్లీకూతుళ్ళం ఇద్దరం రైలెక్కాం. సైకిలు పార్సిలు పెట్టెలో వచ్చింది.

దుకాణమనుకున్నాను కాని, అది చూస్తే సగం ఆసుపత్రి, సగం మెకానిక్ షెడ్డు. ఒక పక్క పడుకోబెట్టి పరీక్షించే బల్ల, ఒక పక్క గోడనిండా పానాలు, మధ్యన వెనక చక్రం తీసి సైకిలు బిగించే యంత్రం. ఆ అబ్బాయిది వరంగల్లు. ముప్ఫై యేళ్ళుంటాయేమో. "కూర్చోండి ఆంటీ" అని నాకు కుర్చీ వేసి, అమ్మాయి చేతికొక కాగితం ఇచ్చాడు.

కొలతలే కాక దమ్ము పరీక్ష కూడా చేస్తారక్కడ. మనిషి ఎంత సత్తువతో తొక్కగలదు, గుండె ఎంతవరకు తట్టుకుంటుంది అని చూస్తారు. ఆ కాగితం దానికోసం. మందులేమైనా వాడుతున్నారా, కళ్ళు తిరిగి పడ్డారా అని ప్రశ్నలు. చివర్లో ఒకటి: మీ కుటుంబంలో యాభై యేళ్ళలోపు ఎవరైనా హఠాత్తుగా మరణించారా?

అమ్మాయి అన్నిటికీ "లేదు" అని చకచకా గీత కొట్టేసి, ఆ ఒక్కదాని దగ్గరా కూడా కొట్టేసింది. నేను చూశాను. మా పెద్దన్నయ్య 2009లో, నలభై ఆరో యేట, షటిల్ ఆడి ఇంటికొచ్చి మంచినీళ్ళడిగాడు. మా వదిన గ్లాసు తెచ్చేలోగా పోయాడు. అప్పటికి దీనికి అయిదేళ్ళు.

"మామయ్య సంగతి ఇక్కడెందుకమ్మా? రాస్తే పరీక్ష చెయ్యనంటారు" అంది నెమ్మదిగా.

నేను కలం తీసుకుని, దాని గీత కొట్టేసి, "అవును, మేనమామ" అని రాశాను.

ఆ అబ్బాయి చదివాడు. మామయ్యగారికి ఏమైందని అడిగాడు. చెప్పాను. "కొలతలు ఇవాళే చేసేస్తాను. దమ్ము పరీక్ష మాత్రం గుండె డాక్టరు చూసి, ఈ.సీ.జీ., ఎకో తీయించి, సరేనని రాసిచ్చాకనే" అన్నాడు. చేతికందే డబ్బు వద్దనుకున్నాడు చూడండి, ఆ ముక్కతో నాకు అతని మీద గురి కుదిరింది. అమ్మాయి మాత్రం మొహం ముడుచుకుంది.

ఇక కొలతలు మొదలయ్యాయి. సైకిలు ముట్టుకోకుండానే ముప్పావుగంట గడిచింది. నొప్పి ఎక్కడ, ఎంతసేపటికి, మెట్లెక్కేటప్పుడా దిగేటప్పుడా అని వకీలు సాక్షిని అడిగినట్టు అడిగాడు. బల్లమీద పడుకోబెట్టి కాళ్ళు ఒకదాని తరువాతొకటి లేపించాడు. నడిపించి పాదాలు చూశాడు. దాని కుడి పాదం కాస్త బయటికి తిరిగి పడుతుంది. పుట్టిన దగ్గరనుంచీ చూస్తున్నాను కాబట్టి నాకు తెలుసు. అతనికి నాలుగడుగుల్లో తెలిసిపోయింది. సైకిలు బూటు పెడలుకి తగులుకుని ఉంటుంది కనుక, పాదం సహజంగా ఎటు తిరుగుతుందో బూటూ అటే తిరిగేలా బిగించాలిట. లేకపోతే పాదం చెప్పినమాట వింటుంది, ఆ కసి మోకాలు తీర్చుకుంటుంది.

తరువాత గోడకి చేర్చి నిలబెట్టి, కాళ్ళ మధ్య ఒక అట్టపుస్తకం పెట్టి, నేలనుంచి కాలి లోపలి పొడుగు కొలిచాడు. డెబ్బై అయిదు సెంటీమీటర్లు. దాన్ని 0.883తో గుణించాడు. అరవై ఆరు చిల్లర వచ్చింది. పెడళ్ళు తిరిగే ఇరుసు నడిబొడ్డునుంచి సీటు పైభాగానికి అంత ఉండాలన్నమాట. గ్రెగ్ లెమాండ్ అనే అమెరికా ఆటగాడూ, అతని ఫ్రెంచి గురువు సిరిల్ గిమార్ ప్రచారంలోకి తెచ్చిన లెక్కట అది. ఆ లెమాండే 1989లో మూడు వారాలు సాగే టూర్ ద ఫ్రాన్స్ పందెంలో కేవలం ఎనిమిది సెకండ్ల తేడాతో గెలిచాడు. అంతకు ముందే, 1967లో, హామ్లీ, థామస్ అనే ఇద్దరు ఇంగ్లండులో ఇలాంటి లెక్క మరొకటి కట్టారు. కాలి పొడుగుకి నూటికి నూటతొమ్మిది వంతులు ఉండాలి, అయితే కొలవవలసింది పెడలు దూరంగా ఉన్నప్పుడు దాని మీదనుంచి.

మా సైకిలు సీటు ఎంత ఎత్తులో ఉందో కొలిచాడు. అరవై మూడు. మూడు సెంటీమీటర్ల పైన తక్కువ.

"మూడు సెంటీమీటర్లేనా!" అన్నాను, అంత దూరం వచ్చినందుకు కాస్త చిన్నబుచ్చుకుని.

అతను చీలమండ, మోకాలు, తుంటి, భుజం, మోచేయి మీద బొట్టుబిళ్ళల్లాంటి చుక్కలంటించి, అమ్మాయిని తొక్కమని, పక్కనుంచి సినిమా తీశాడు. పెడలు అట్టడుగుకి వచ్చినప్పుడు మోకాలు పాతిక నుంచి ముప్ఫై అయిదు డిగ్రీల మధ్య వంగి ఉంటే మేలుట. దీనిది నలభై ఆరు. అంటే కాలు ఎప్పుడూ పూర్తిగా చాచుకోలేదు. గొంతుకూర్చున్నట్టు ముడుచుకునే తొక్కుతోంది. మోకాలు ఎంత ముడిస్తే చిప్ప అంత గట్టిగా లోపలి ఎముకని ఒత్తుతుంది.

"నిమిషానికి ఎనభై అయిదుసార్లు తిప్పుతుందనుకోండి ఆంటీ. గంటకి అయిదువేలు దాటుతుంది. రెండు వందల కిలోమీటర్లు పూర్తయ్యేసరికి ఒక్కో మోకాలు నలభై వేలసార్లు వంగుతుంది" అన్నాడు.

నాకు మా అత్తగారి రామకోటి పుస్తకం గుర్తొచ్చింది. ఒక్క నామం రాయడం ఎవరికి కష్టం? నలభై వేలు రాసేటప్పుడు కలం పట్టుకున్న తీరు వేళ్ళకి తెలుస్తుంది.

అసలు విడ్డూరమేమిటంటే, సీటు సరైన ఎత్తుకి లేపాక అమ్మాయి కాళ్ళు నేలకి ఆనలేదు. బొటనవేళ్ళు మాత్రం తగిలాయి. గుడివాడ షాపతను మొదలు మొన్నటి షాపతను దాకా అందరూ అడిగిన ప్రశ్న ఆగి ఉన్న సైకిలు గురించి. మోకాలడిగేది నడుస్తున్న సైకిలు గురించి. ఆగినప్పుడు సీటు దిగి నిలబడాలిట. అది నేర్చుకోవడానికి పది నిమిషాలు పట్టింది.

పెడలుని ఇరుసుకి కలిపే క్రాంకు అనే కడ్డీ ఉంటుంది చూశారూ, అదికూడా దీనికి పొడుగేనన్నాడు. వాళ్ళన్నయ్యకి తగ్గట్టు నూట డెబ్బై అయిదు మిల్లీమీటర్లుంది. నూట అరవై అయిదుకి మార్చాడు. ఒక్క సెంటీమీటరుకి ఏమవుతుందని మళ్ళీ అడిగాను. కడ్డీ సెంటీమీటరు పొట్టిదైతే పైకొచ్చే పెడలు అంత కిందే ఆగుతుంది. సీటు కూడా మరో సెంటీమీటరు లేపుకోవచ్చు. వెరసి పైన మోకాలికి రెండు సెంటీమీటర్ల చోటు దొరుకుతుంది. ఈ ముక్క నాకు వెంటనే తలకెక్కింది. పాత గుళ్ళలో ఎత్తెత్తు మెట్లెక్కి చూడండి, మన కొత్త ఇళ్ళ మెట్లెక్కి చూడండి. పొట్టివాళ్ళకే ఆ తేడా తెలుస్తుంది.

సీటు సంగతి కాస్త మొగమాటమైనదే అయినా, చెప్పకపోతే ఆడపిల్లలున్న తల్లులకి అన్యాయం చేసినదాన్నవుతాను. మనం కూర్చున్నప్పుడు బరువు మోసేవి కింద ఉన్న రెండు ఎముకలు. ఆడవాళ్ళకి సాధారణంగా వాటి మధ్య దూరం ఎక్కువ. ఇరుకు సీటు మీద కూర్చుంటే బరువు ఎముకల మీద కాక మెత్తని చోట పడుతుంది. ఆ నొప్పి పిల్లలు ఎవరితోనూ చెప్పుకోరు. మా అమ్మాయీ చెప్పలేదు. ఆ అబ్బాయి గౌరవంగా తన దగ్గర పనిచేసే అమ్మాయిని పిలిచి, తను పక్కగదిలోకి వెళ్ళాడు. ఆ పిల్ల ఒక మెత్తటి దిమ్మ మీద దీన్ని కాసేపు కూర్చోబెట్టి, లేచాక పడిన రెండు గుంటల మధ్య దూరం కొలిచింది. దాన్నిబట్టి నూట యాభై అయిదు మిల్లీమీటర్ల వెడల్పు సీటు, నడుమ పల్లం ఉన్నది, వేశారు. సీటు బాధ ఈనాటిది కాదులెండి. ఇంగ్లండులో బ్రూక్స్ అనే తోలు వ్యాపారికి 1878లో గుర్రం చచ్చిపోతే, సైకిలెక్కాడట. ఆ చెక్క సీటు బాధ పడలేక తోలు సీటు కనిపెట్టి 1882లో పేటెంటు తీసుకున్నాడు. ఆ పేరున్న సీట్లు ఇప్పటికీ అమ్ముతున్నారు.

చేతుల తిమ్మిరికి కారణం హ్యాండిలు మరీ దూరం కావడం. అందుకోవడానికి ముందుకి వాలి, ఒంటి బరువంతా అరచేతుల మీద వేస్తోంది. చిటికెనవేలికి పోయే నరం అక్కడే నలుగుతోంది. హ్యాండిలుని పట్టి ఉంచే ముక్క పదకొండు సెంటీమీటర్లది తీసి ఎనిమిదిది వేశాడు. ఇంతా చేసి, "ఫ్రేము మాత్రం మీ అమ్మాయిది కాదు ఆంటీ. అన్నయ్య చొక్కాని చెల్లెలికి సరిపోయేలా కుట్టాం. ఇంతకంటె లోపలికి పట్టడానికి గుడ్డ లేదు" అన్నాడు. కొత్త సైకిలు కొనమని ఒత్తిడి చెయ్యలేదు.

నన్నడిగితే, ఈ విద్యలో తూకం ఎంతో నేర్పూ అంతే. రెండు సూత్రాలు చెబితే రెండు ఎత్తులొస్తాయి. తాపీమేస్త్రీలు గోడ నిలువు చూసుకునే దారపు గుండుని మోకాలినుంచి పెడలు మీదికి వేలాడదీసి, సీటు ముందుకా వెనక్కా అని కూడా చూశాడతను. చూసి, "ఇది మొదలెట్టడానికి పనికొస్తుంది, వేదవాక్కేం కాదు" అని తనే అన్నాడు. తెర మీద రంగురంగుల గీతలు చూపించి డబ్బు గుంజేవాళ్ళూ ఉండే ఉంటారు. ఇతను అయిదు నిమిషాలకోసారి తెర వదిలేసి పిల్ల మొహంలోకి చూసి, "ఇప్పుడెలా ఉంది?" అనేవాడు. మంచి దర్జీ కూడా అంతే కదా, టేపు మెళ్ళో వేసుకుని చెయ్యెత్తమంటాడు.

మహా మహా వాళ్ళకే తృప్తి ఉండదుట. బెల్జియం దేశపు ఎడ్డీ మెర్క్స్ 1969లో బ్లోయిస్ అనే ఊళ్ళో ఘోరంగా పడ్డాడు. అతని ముందు మోటారు బండి నడుపుతున్న మనిషి అక్కడికక్కడే చనిపోయాడు. మెర్క్స్‌కి కటి దెబ్బతింది. ఆ తరువాత ఏ ఎత్తులో కూర్చున్నా అతనికి సుఖం లేదు. జేబులో ఆలెన్ కీ పెట్టుకుని, పందెం మధ్యలోనే సీటు పైకీ కిందికీ మార్చుకునేవాడట. ఆ నడుంతోనే 1972లో మెక్సికోలో ఒక్క గంటలో 49.431 కిలోమీటర్లు తొక్కి రికార్డు పెట్టాడు. స్కాట్లండు వాడు గ్రేమ్ ఒబ్రీ కథ మరీ తమాషా. గాలికి అడ్డు తగలకుండా చేతులు రొమ్ము కిందికి మడుచుకుని తొక్కే సైకిలు తనే తయారుచేసుకున్నాడు, వాషింగ్ మెషీన్ బేరింగులు పెట్టి! 1993లో దాని మీద గంటకి 51.596 కిలోమీటర్లు తొక్కాడు. మరుసటేడు పెద్దలు ఆ కూర్చునే తీరునే నిషేధించారు. వేగం రెండింతలైతే గాలిని నెట్టడానికి ఎనిమిదింతల సత్తువ కావాలి. అంచేత సైకిలు బరువు తగ్గించడంకంటె మనిషి ఒదిగి కూర్చోవడమే లాభమని అతను కనిపెట్టాడు. మన పిల్లకి అంత ఒదుగు అక్కర్లేదనుకోండి.

తిరుగు రైల్లో అమ్మాయి నాతో మాట్లాడలేదు. ఖమ్మం దాటాక, కిటికీలోంచి చూస్తూనే, "మామయ్య ఎలా ఉండేవాడమ్మా?" అంది.

గుడివాడలో నాకు సైకిలు నేర్పింది అన్నయ్యే. వెనక క్యారియరు పట్టుకుని పరిగెడుతూ, "వదల్లేదే, పట్టుకునే ఉన్నా" అంటూ ఎప్పుడో వదిలేశాడు. అది చెప్పాను. బెజవాడ వచ్చేదాకా ఇంకా ఏవేవో చెప్పాను. పదిహేనేళ్ళుగా మా ఇంట్లో అన్నయ్య గురించి మాట్లాడితే ఎలా పోయాడన్నదే వచ్చేది.

గుండె డాక్టరుగారు ఈ.సీ.జీ. తీశారు, ఎకో తీశారు, నడిచే పట్టా మీద పరిగెత్తించారు. లోపమేమీ లేదని రాసిచ్చారు. ఆ కాగితం మావారు మూడుసార్లు చదివి, మడిచి తన జేబులో పెట్టుకున్నారు. రెండోసారి హైదరాబాదు ప్రయాణానికి ఆయనే టిక్కెట్లు తీశారు. రాను కాని టిక్కెట్లు తీస్తానన్నారు.

పరీక్ష నేను చూడగలనో లేదో అనుకున్నాను. మొహానికి తొడుగు పెట్టారు, ఛాతీకి పట్టీ కట్టారు. పీల్చిన గాలిలో ఎంత ప్రాణవాయువు ఒంట్లో ఇంకిందో యంత్రం లెక్కకడుతుంది. ఈ శాస్త్రానికి పునాది వేసినవారిలో ఏ.వి. హిల్ అనే ఇంగ్లీషు ఆయన ఒకరు. 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి గ్రహీత. ఊపిరి పట్టే సంచీ తగిలించుకుని గడ్డిమైదానం చుట్టూ తనే పరిగెత్తి లెక్కలు తీశాడు. ఆయన 1943-44లో మన దేశానికి కూడా వచ్చి, ఇక్కడి విజ్ఞాన పరిశోధనలు ఎలా సాగాలో నివేదిక రాసి ఇచ్చి వెళ్ళాడు.

ఎనభై వాట్లతో మొదలుపెట్టి, నిమిషానికి ఇరవై చొప్పున బరువు పెంచుతూ పోయారు. మొదట్లో అది నావైపు చూసి కన్నుగీటింది. నూట అరవై దాటేసరికి ఊపిరి మారింది. అంతదాకా తొక్కుతూ ఎంతసేపైనా కబుర్లు చెప్పగలిగే ఊపిరి, ఒక్కసారిగా రొప్పుగా తిరిగింది. తెర మీద గుండె అంకె నూట అరవై ఎనిమిది. "అదే మీ అమ్మాయి గీత ఆంటీ. దానికి కింద ఉంటే గంటలకొద్దీ తొక్కగలదు, పైకి పోతే నిమిషాలే" అన్నాడు చెవిలో. రెండు వందలు. రెండు వందల ఇరవై. జుట్టులోంచి చెమట ధారగా కారుతోంది. గుండె అంకె నూట తొంభైకి చేరింది. నేను కుర్చీ చెయ్యి పట్టుకున్నాను. ఆపమనడానికి నోరు తెరిచాను కూడా. అది నావైపు చూడలేదు. ఎదురుగా గోడ మీద ఎక్కడో చూస్తోంది. పురిటినొప్పుల్లో ఆడది చూసే చూపు అది. దాన్ని కన్నదాన్ని కనుక ఆ మాటంటున్నాను. రెండు వందల నలభై దగ్గర ఒక నిమిషం పూర్తిగా నిలిచి, కాళ్ళు ఆగిపోయాయి. గుండె నూట తొంభై మూడు.

తొడుగు తీశాక హ్యాండిలు మీద తలవాల్చి ఉండిపోయింది. నేను మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడ్డాను. అంకె దిగుతోంది. నూట డెబ్బై, నూట యాభై, నూట ముప్ఫై. అది తలెత్తి, గ్లాసందుకుని గటగటా తాగింది. ఆ గ్లాసు ఖాళీ అయ్యేదాకా నేను ఊపిరి తీసుకున్నానో లేదో ఏ యంత్రమూ కొలవలేదు.

కిలో బరువుకి నిమిషానికి నలభై ఎనిమిది మిల్లీలీటర్ల ప్రాణవాయువు వాడుకోగలదని తేల్చారు. ఊరికే కూర్చున్నప్పుడు మూడున్నర సరిపోతుంది. ప్రపంచంలో మేటి ఆటగాళ్ళకి డెబ్బై, ఎనభై దాటుతుంది. ఇది ఆడపిల్లకి చక్కని అంకేనట. ఇంటికొచ్చి చెబితే మావారు మిక్సీ తిరగేసి చూశారు. దాని మీద 750 వాట్లని ఉంది. "ఎంత తొక్కినా కొబ్బరిపచ్చడి అవదన్నమాట" అన్నారు. "మూడు సీలింగు ఫాన్లు తిరుగుతాయి నాన్నా" అంది అది. మా అత్తగారు ఒక ఫాను చాలన్నారు.

డిసెంబరులో బ్రెవే. పొద్దున్న ఆరింటికి బెజవాడలో బయలుదేరి, తాడేపల్లిగూడెం వైపు వెళ్ళి తిరిగి రావడం. గుండె నూట యాభై దాటనివ్వకుండా తొక్కాలని ఆ అబ్బాయి చెప్పాడు. వంతెనలెక్కేటప్పుడు తప్ప దాటనివ్వలేదుట. మోకాలు నూట డెబ్బై కిలోమీటర్ల దగ్గర కాస్త గుర్తుచేసిందిట. ఆగి, అరటిపండు తిని, మళ్ళీ ఎక్కిందిట. సాయంత్రం అయిదూ నలభైకి, గడువుకి దాదాపు రెండు గంటల ముందు, మొహం నిండా దుమ్ముతో వచ్చి దిగింది. సీటు దిగి నిలబడింది, నేర్పినట్టే. ముద్రలు వేసిన కార్డు మా అత్తగారి చేతిలో పెట్టింది. ఆవిడ దాన్ని రామకోటి పుస్తకంలో దాచారు.

వచ్చే సంక్రాంతికి మా బావగారబ్బాయి అమెరికానుంచి వస్తున్నాడు. "చెల్లీ, నా సైకిలు భద్రమేనా? ఉన్న నాలుగు రోజులూ తొక్కుదామనుకుంటున్నా" అని ఫోనులో అడిగాడు. క్రాంకు మారింది, సీటు మారింది, హ్యాండిలు దగ్గరకొచ్చింది. అతనెక్కితే మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి. అమ్మాయి ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టి, "ఏం చెప్పనమ్మా?" అంటోంది.

అద్దెకి సైకిళ్ళిచ్చే షాపు ఇంకా ఎక్కడైనా ఉందేమో కనుక్కోమని మావారిని పంపించాను.